పరామర్శ వేళ లేసు అల్లిక: ఒక సంవాదం

ఇంటి పెద్ద మంచాన పడ్డాడని తెలిసిన వెంటనే బంధువులు పనులు మానుకుని వచ్చి చూసి వెళ్లడం తెలుగు కుటుంబాల్లో విడిచిపెట్టరాని ధర్మంగా నిలిచి ఉంది. వచ్చినవారు రోగి పక్కన కూర్చుంటారు, జబ్బు ఎలా మొదలైందో మొదటినుంచీ చెప్పించుకుంటారు, తమకు తెలిసిన వైద్యుడి పేరు చెబుతారు, ఒక్కొక్కసారి ముందే ఎందుకు చూపించలేదని నిలదీస్తారు కూడా. ఈ రాకపోకల మధ్య రోగికి సేవ చేస్తున్న కూతురో కోడలో చేతిలో అల్లిక పట్టుకుని కూర్చోవడం తగునా తగదా అన్నది పైకి చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది గాని, సేవ అంటే ఏమిటి, మర్యాద ఎవరికి చెల్లించాలి, స్త్రీ చేతిపనికి ఇల్లు ఇచ్చే విలువ ఎంత అన్న పెద్ద విషయాలన్నీ దానిలో పెనవేసుకుని ఉన్నాయి.

ఈ ప్రశ్నను విచారించడానికి నరసాపురం తగిన చోటు. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా క్రోషే లేసు అల్లిక నేర్చుకున్నారు. అది తల్లి నుంచి కూతురికి దిగుతూ వచ్చి, 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువు అని చట్టం వేసే ముద్ర, పొందింది. చలి ప్రాంతాల్లో ఊలుతో రెండు సూదుల మీద స్వెట్టరు అల్లే పని వేరు, ఈ పని వేరు. ఇక్కడ ఉండేది సన్నని నూలుదారం, కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది. ఆ కొక్కెంతో దారాన్ని లాగి ఒక ఉచ్చులోంచి మరొక ఉచ్చు తీస్తూ పోతే గొలుసు, గొలుసుల వరసలు చేరిస్తే పువ్వు, పువ్వులన్నిటినీ కలిపితే బల్లగుడ్డ తయారవుతాయి. పువ్వులు అల్లడాన్ని చేతిపని అనీ, వాటిని కలపడాన్ని అతుకుపని అనీ అక్కడ అంటారు.

వాదానికి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. తండ్రికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మెదడు ఎడమ భాగానికి రక్తం అందకపోతే చాలామందిలో ఈ రెండు నష్టాలు కలిసే వస్తాయి, ఎందుకంటే మాటను నడిపే స్థానమూ కుడి అవయవాలను కదిలించే స్థానమూ ఎక్కువమందికి అటువైపే ఉంటాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోస్తున్నారు, కొడుకు పరదేశం నుంచి సెలవు పెట్టి వచ్చాడు, రోజూ బంధువులు వస్తున్నారు, కూతురు మంచం పక్కన కుర్చీలో లేసు అల్లుతూ కూర్చుంటోంది. ఆ పిల్లకు మేనత్త అయిన విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు, పెద్దమ్మ అయిన విశ్రాంత నర్సు మరొకరు. ఇద్దరూ ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకునేవారు, ఇద్దరూ రోగి మేలు కోరేవారే.

మేనత్త: వదినగారూ, పరామర్శకు వచ్చిన మనిషి ఇంటివారి ముఖం చూడాలని వస్తాడు. రాజమండ్రి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలి బాబాయిగారు పక్కన కూర్చుని అడుగుతుంటే, అమ్మాయి తల ఎత్తకుండా, సూది ఆపకుండా సమాధానం చెప్పింది; ఆయన కాఫీ గ్లాసు సగం తాగి లేచిపోయారు. చేతిలో పని పెట్టుకుని మాట్లాడడం అంటే తమరు త్వరగా వెళ్లిరండి అని చెప్పడమే గదా, అది కష్టకాలంలో మనుషులను దూరం చేసుకునే పద్ధతి.

పెద్దమ్మ: తల ఎత్తకపోవడం తప్పే, దాన్ని సమర్థించనక్కరలేదు. అయితే చేతిలో పని ఉండడమే తప్పని అంటే మన ఇళ్లలో మర్యాదలన్నీ తిరగరాయవలసి వస్తుంది. లక్షవత్తుల నోము పట్టినవారు పురాణం వింటూ పత్తి తీసి వత్తులు చేస్తూనే ఉంటారు, పౌరాణికుడు ఏనాడూ దాన్ని అవమానంగా తీసుకోలేదు. చింతపండులో పిక్కలు తీస్తూ, గోంగూర గిల్లుతూ ఇరుగుపొరుగు కష్టసుఖాలు చెప్పుకున్నప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా పోలేదు. అలవాటైన పనిలో చెయ్యి తన దారిన తాను నడుస్తుంది, చెవి ఖాళీగానే ఉంటుంది.

మేనత్త: వత్తి చేసేటప్పుడు లెక్క అక్కరలేదు, చేశాక ఎంచుకోవచ్చు. పువ్వుకు అలా కుదరదు. ఇక్కడ అయిదు గొలుసులు, అక్కడ మూడు కుట్లు అని లెక్క పెట్టుకుంటూ పోవాలి, లెక్క పెట్టే మనసు ఎదుటివారి మాట వినలేదు. తరగతిలో లెక్కలు చేయిస్తూ పద్యం చెబితే పిల్లలకు రెండూ రాకుండా పోవడం ముప్ఫై ఏళ్ల ఉద్యోగం నేర్పిన పాఠం.

ఈ అభ్యంతరంలో పస ఉంది. అల్లికలన్నీ మనసు నుంచి ఒకే మేర శ్రద్ధను కోరవు. కొత్త నమూనా చూసి అల్లే పువ్వుకు కన్ను, లెక్క, జ్ఞాపకం మూడూ కావాలి, అంచుకు వేసే తిన్నని వరసకు వేళ్ల అలవాటు చాలు. ఈ తేడాను పట్టించుకోకుండా అల్లిక మంచిదనో చెడ్డదనో తేల్చిన వాదన ఏదీ నిలవదు, పెద్దమ్మ కూడా దాన్ని ఒప్పుకునే ముందుకు సాగింది.

పెద్దమ్మ: అందుకే రోగి గదిలోకి పట్టుకెళ్లవలసింది పాత పని, వేళ్లకు కంఠతా వచ్చిన పని; కొత్త పువ్వు ఇంటి పని తీరాక వేరే గదిలో. అటువంటి తేలిక పని వినికిడికి అడ్డు రాదనడానికి ఒక ఆధారం కూడా ఉంది. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే మనోవిజ్ఞాన పరిశోధకురాలు 40 మందికి విసుగు పుట్టించే ఒక టెలిఫోను సందేశం వినిపించి, సగం మందిని వింటూనే కాగితం మీద బొమ్మల గళ్లు నింపమంది. గళ్లు నింపినవారు తక్కినవారికంటే 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తుంచుకున్నారు. చేతికి కొద్దిపాటి పని దొరికితే మనసు పగటికలల్లోకి జారిపోకుండా అక్కడే నిలిచిందని ఆమె వివరణ.

మేనత్త: విసుగు పుట్టించే సందేశం అని తమరే అన్నారు. కన్నతండ్రి స్థితి గురించి మాట్లాడేటప్పుడు మనసు జారిపోకుండా ఉండడానికి కూతురికి గళ్లు నింపుకునే అవసరం వస్తుందా?

పెద్దమ్మ: మొదటిసారి చెప్పేటప్పుడు రాదు, వదినగారూ. వచ్చిన ప్రతివారూ మొదటినుంచీ చెప్పమంటారు. తెల్లవారుజామున పళ్లు తోముకోబోయిన తండ్రి చేతిలోంచి చెంబు జారడం, మూతి ఒక పక్కకు వంకరపోవడం, పిలిస్తే పెదవులు కదిలి మాట రాకపోవడం, ఆటో కోసం వీధిలోకి పరిగెత్తడం, ఇదంతా ఆ పిల్ల ఉదయం నుంచి రాత్రిదాకా వచ్చినవారందరికీ ఎదుట నిలబెట్టి చూపించాలి. అడిగేవారికి అది కొత్త కథ, చెప్పేదానికి ఆ తెల్లవారుజాము మళ్లీ మళ్లీ రావడం. ఆ చెప్పడంలో గొంతు వణకకుండా నిలబెట్టుకోవడానికి వేళ్ల మధ్య దారం ఒక ఆసరా అయితే దాన్ని అమర్యాద అనడం న్యాయం కాదు.

మేనత్త: ఆసరా అవుతుందని అనుకోవడమేనా, దానికి కూడా లెక్కలున్నాయా?

పెద్దమ్మ: 2013లో బ్రిటన్‌లో వృత్తి చికిత్సకు, అంటే చేతిపనుల ద్వారానూ రోజువారీ పనుల ద్వారానూ రోగులను తేర్చే వైద్యశాఖకు, సంబంధించిన పత్రికలో ఒక సర్వే వచ్చింది. ఊలు అల్లే 3,545 మందిని అడిగితే, ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నట్టు చెప్పారు.

మేనత్త: అల్లిక ఇష్టపడి ఏళ్ల తరబడి అల్లుతున్నవారినే పిలిచి అడిగితే వేరే సమాధానం ఎలా వస్తుంది? విసుగొచ్చి సూది పారేసినవారు ఆ సర్వేలో లేరు గదా.

పెద్దమ్మ: నిజమే, ఆ సర్వే అంతకు మించి నిరూపించదు. నర్సు ఉద్యోగంలో వార్డుల్లో కనిపించినది దానికంటే గట్టి ఆధారం. రోగి పక్కన ఊరికే కూర్చున్న మనిషి ఊరికే ఉండలేడు. దుప్పటి సర్దుతాడు, నుదురు తడుముతాడు, నొప్పిగా ఉందా అని అడుగుతాడు, కన్ను మూసుకున్నవాడిని నిద్రపోయావా అని లేపుతాడు. మెదడుకు దెబ్బ తగిలినవారు చాలా తొందరగా అలసిపోతారు, వారికి మందుతోపాటు కావలసింది ఎవరో పక్కన ఉండీ ఏమీ అడగకుండా ఉండడం. అలా గంటల తరబడి ఉండడం ప్రేమ ఎక్కువైన కొద్దీ కష్టమవుతుంది, ఆ కష్టాన్ని దాటించే సాధనం చేతిపని.

ఈ మాట దగ్గర కాస్త ఆగడం అవసరం, ఎందుకంటే అల్లిక గురించి సాధారణంగా చేసే వాదనలన్నీ అల్లేవారి మనశ్శాంతి చుట్టూ తిరుగుతాయి, పెద్దమ్మ వాదన మాత్రం రోగి నిద్ర వైపు నుంచి వచ్చింది. సేవ చేసే మనిషి ఆదుర్దా రోగికి ఒక బరువు. ఆ బరువు వేళ్లలోకి, దారంలోకి దిగిపోతే మంచం మీది మనిషికి ఊపిరి ఆడుతుంది. ఇందుకు రెండు సూదుల ఊలు పనికంటే లేసే బాగా ఒదుగుతుందని కూడా చెప్పాలి. ఊలు పనిలో వరసలోని ఉచ్చులన్నీ సూది మీదే బతికి ఉంటాయి, తొందరలో కిందపెడితే సూది జారి ఉచ్చులు ఊడి వరసల వెంట దిగిపోతాయి. లేసులో ఏ క్షణాన చూసినా విడిగా ఉండేది ఒక్క ఉచ్చే, తండ్రి దగ్గినట్టు వినబడితే దాన్ని కొంచెం పొడవుగా లాగి వదిలేసి లేవవచ్చు, తిరిగి వచ్చి దారం బిగించి అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. గోదావరి ప్రాంతపు స్త్రీలు పొయ్యి మీద అన్నం, ఉయ్యాలలో బిడ్డ ఉండగానే ఇంత లేసు అల్లగలగడానికి ఈ గుణం కూడా ఒక కారణమై ఉంటుంది.

మేనత్త: సరే, లేవడం తేలిక. లేవాలని తెలియాలంటే ముందు చూడాలి గదా. అన్నయ్యకు మాట లేదు, మిగిలింది ఎడమ చేయి, కళ్లు. దాహమైనా, ఒత్తుకున్నా, ఎవరినైనా చూడాలనిపించినా ఆ రెంటితోనే చెప్పాలి. మాట్లాడగలిగే రోగి పక్కన అల్లుకోవచ్చునేమో, సైగ మాత్రమే మిగిలిన మనిషి పక్కన కన్ను దారం మీద ఉండడం ఆయన నోరు రెండోసారి మూయడమే.

పెద్దమ్మ: ఈ మాటకు ఎదురు చెప్పడానికి లేదు. కన్ను దారం మీద ఉండి తీరవలసిన పని ఆ గదిలో ఉండకూడదు. అయితే తిన్నని వరస అల్లే చేతికి కన్ను అక్కరలేదని తమరూ నిన్న చూశారు. అమ్మాయి కుర్చీ ఆయన ఎడమ పక్కన వేసుకుంది, దారపు ఉండ ఆయన ఎడమ అరచేతిలో పెట్టింది. ఆయన వేలు బిగిస్తే దారం ఆగుతుంది, అమ్మాయి చేతికి తెలుస్తుంది, తల ఎత్తుతుంది. నీళ్లు కావాలని ఆయన రెండుసార్లు అలాగే ఆపారు.

మేనత్త: చూడడం నిజమే. బొటనవేలితో ఉండను తిప్పుతూ దారం వదలడం కూడా కనిపించింది. అది బాగుంది, కాదనడం లేదు. బాగుందన్నంత మాత్రాన అసలు అభ్యంతరం తీరిపోలేదు, అది ఇంతవరకు చెప్పనేలేదు. అమ్మాయి చేతిలో లేసు చూసి ఈ ఇంట్లో ఎవరేమనుకుంటున్నారో తమరు విన్నారా? అక్క తీరిగ్గా కూర్చుని అల్లుకుంటోంది, నాన్న దగ్గర పెద్దగా పని లేనట్టుంది అని అబ్బాయి ఫోనులో ఎవరితోనో అన్నాడు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ నరసాపురం లేసు స్త్రీల మీదే పరిశోధన చేసి 1982లో పుస్తకం వెలువరించింది. పరదేశపు అంగళ్లకు చేరే సరుకును రోజంతా అల్లుతున్న స్త్రీలను వర్తకులూ ఇంటి మగవారూ పనివారుగా లెక్కించలేదనీ, తీరిక వేళ పొద్దుపుచ్చుకునే గృహిణులుగానే చూశారనీ, ఆ చూపు వల్లే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె వివరించింది. లేసు చేతిలో ఉన్న ఆడమనిషి ఎంత కష్టపడుతున్నా కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు అదే లేసు తండ్రి సేవను కూడా తీరిక లాగా చూపిస్తోంది, అందుకే రాత్రి కాపలాకు ఒక్కరూ ముందుకు రావడం లేదు.

ఈ వాదంలో ఇంత బలమైన మాట మరొకటి లేదు, పైగా మర్యాద గురించి మొదలుపెట్టిన మేనత్త నోటి నుంచే అది రావడం గమనించదగింది. ఆమె కోపం మేనకోడలి మీద కాదని ఇక్కడ తేలింది. చేతిపని రోగికి ఊరట, అల్లేదానికి ఆసరా అయినా, చూసేవారి కంటికి మాత్రం అది ఒక తెరగా మారవచ్చు, ఆ తెర వెనక చేస్తున్న పని ఎవరి లెక్కలోకీ రాకుండా పోవచ్చు. పెద్దమ్మ వెంటనే బదులు చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా లేసును సమర్థించలేదు, పనిని వర్ణించింది.

పెద్దమ్మ: ఆ పిల్ల చేసేది ఏమిటో ఒకసారి వరసగా చెప్పుకుంటే అబ్బాయికి తెలుస్తుంది. శరీరం బరువు ఒకేచోట నొక్కుకుంటే చర్మానికి రక్తం ఆగి పడకపుండ్లు పడతాయి గనుక, రాత్రీ పగలూ సుమారు రెండు గంటలకొకసారి ఆయన్ను పక్క మార్చాలి, మార్చిన ప్రతిసారీ మడమలు, తుంటి, నడుము కింది ఎముక ఎర్రబడ్డాయేమో చూడాలి. గొట్టంలో ఆహారం పోసేముందు తలవైపు ఎత్తాలి, గొట్టం జారిందేమో చూసుకోవాలి, నెమ్మదిగా పోయాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఎత్తి ఉంచాలి, లేకపోతే పొట్టలోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నోరు తుడవాలి, పడిపోయిన చేతికి వ్యాయామం చేయించాలి, మందుల వేళలు చూడాలి. ఈ పనుల మధ్య మిగిలిన చిన్నచిన్న వ్యవధుల్లోనే దారం కదులుతోంది, బంధువులు వచ్చేది సరిగ్గా ఆ వ్యవధుల్లోనే గనుక వారి కంటికి దారమే కనిపిస్తోంది.

మేనత్త: కనిపించేలా చేయవలసినది ఆ మిగతా పనే అయితే, లేసు పక్కన పెట్టడం మొదటి మెట్టు. ఇంకొక మాట కూడా ఉంది. మొన్న రాత్రి అన్నదమ్ముల వరస పిల్లలందరూ కూర్చుని ఖర్చు ఎవరు పెట్టాలి, సెలవు ఎవరు పొడిగించాలి అని మాట్లాడుకుంటుంటే అమ్మాయి తల వంచుకుని అల్లుతూనే ఉంది. నీకు వీలవుతుందా అని అడిగితే సరే అంది. ఆ సరే ఆమె నోటిది కాదు, దారం వెనక దాక్కుని ఇచ్చినది.

పెద్దమ్మ: అదే రాత్రి, ముందే ఎందుకు చూపించలేదని పెద్దవారొకరు అన్నప్పుడు కూడా ఆ దారమే కాపాడింది. ఆ నిందకు వెంటనే వచ్చే జవాబు వచ్చి ఉంటే ఈ ఇంట్లో ఇద్దరు ముగ్గురు మళ్లీ మాట్లాడుకునేవారు కారు. ఒక వరస పూర్తయ్యేదాకా నోరు తెరవకుండా ఉండగలగడం ఆమె బలహీనత అనుకోనక్కరలేదు.

మేనత్త: నిందకు మౌనం సరే, ఒప్పుకోవచ్చు. బాధ్యతల పంపకానికి మౌనం ఒప్పుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మాట్లాడనివారి వాటా ఎప్పుడూ పెద్దదవుతుంది. అలాంటి మాటలు జరిగేటప్పుడు సూది సంచిలోకి వెళ్లాలి, ఆమె తన నోటితో ఇంతవరకు చేయగలను, ఇంతకు మించి చేయలేను అని చెప్పాలి.

పెద్దమ్మ: సూది సంచిలోకి వెళ్లేటప్పుడు అబ్బాయి ఫోను కూడా అదే సంచిలోకి వెళ్లాలని నియమం పెడితే అభ్యంతరం లేదు. లేసు అల్లే చేయి తండ్రి చేతిలోని ఉండతో ముడిపడి ఉంది; ఫోను పట్టిన చేయి గదిలో ఉన్నా గదిలో లేదు. దాని గురించి ఎవరూ మర్యాద పాఠం చెప్పకపోవడం, ఆడపిల్ల చేతిలోని దారం మీద మాత్రం ఇన్ని మాటలు నడవడం ఆలోచించవలసిన విషయం.

మేనత్త: ఆ మాట నిజంగా తగిలింది, అబ్బాయికి చెప్పవలసింది మేనత్తగా మొదటే చెప్పి ఉండవలసింది. పగలు బంధువుల మధ్య అమ్మాయి అల్లుకోనీయండి, వచ్చినవారు లేచేటప్పుడు మాత్రం దారం కిందపెట్టి గుమ్మందాకా రమ్మనండి. రాత్రికి మాత్రం లేసు లేదు, అమ్మాయీ లేదు. పది గంటలకు వెళ్లి పడుకుంటుంది. పది నుంచి తెల్లవారే దాకా అబ్బాయి కూర్చోవాలి.

పెద్దమ్మ: కూర్చుంటాడు సరే, రాత్రంతా చేతిలో ఏం పెట్టుకుని కూర్చుంటాడు? ఊరికే కూర్చుంటే తండ్రిని గంటకొకసారి లేపుతాడు, ఫోను పట్టుకుంటే రెండు గంటలు గడిచినట్టే తెలియదు.

మేనత్త: చేతిలో ఏముండాలో అతనే వెతుక్కుంటాడు, అతని వయసు చిన్నది కాదు. ఇంకా నాలుగు గంటలే అయింది, వదినగారూ, పక్క మార్చేటప్పుడు పడిపోయిన భుజాన్ని పట్టుకుని లాగకుండా ఎలా ఎత్తాలో తమకు తెలుసు. అబ్బాయిని పిలుస్తాను, ఇప్పుడే నేర్పడం మొదలుపెట్టండి.